సొంత ప్రాక్టీసు చేసే ఆర్కిటెక్టుకు సభ్యత్వ సంస్థలు ఏ మేరకు అండగా ఉంటాయి?

ప్రశ్న (భీమవరం నుంచి ఒక ఆర్కిటెక్ట్)

అందరికీ నమస్కారం. హైదరాబాదులో ఒక పెద్ద ఆఫీసులో కొంతకాలం పనిచేసి, ఇటీవలే భీమవరం తిరిగి వచ్చి సొంత ప్రాక్టీసు మొదలుపెట్టాను. కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో రిజిస్ట్రేషన్ ఉంది. మున్సిపాలిటీకి ప్లాన్లు దాఖలు చేయడానికి కావలసిన ఎల్‌టీపీ (లైసెన్స్‌డ్ టెక్నికల్ పర్సన్) లైసెన్సు కూడా తీసుకున్నాను. చేతిలో ఉన్నవి ఎక్కువగా సొంత ఇళ్లు, వాటితో పాటు ఒక చిన్న ఆసుపత్రి, ఒక కల్యాణ మండపం. పనికి కొరత లేదు గాని, చేసిన పనికి ఫీజు రాబట్టుకోవడమే కష్టంగా ఉంది.

ఇక్కడి పద్ధతి తెలిసినవారికి కొత్తగా చెప్పనక్కరలేదు. ఇల్లు కట్టుకునే ఆసామి గుమ్మంలో అడుగుపెడుతూనే ప్లాన్ అప్రూవల్‌కు చదరపు అడుగుకు ఎంత తీసుకుంటారని అడుగుతారు. అప్రూవల్‌తో పాటు ఎలివేషన్ బొమ్మ ఊరికే ఇచ్చేవాళ్లు వీధికి ఇద్దరున్నారు. స్థలం చూసి, మట్టి పరీక్ష చేయించి, తలుపులు కిటికీల దాకా వివరంగా డ్రాయింగులు ఇస్తానంటే, అవన్నీ మేస్త్రి చూసుకుంటాడు కదండీ అంటారు. ఈ మధ్య ఒక ఆసామి, చేపల చెరువు పూడ్చి మెరక చేసిన స్థలంలో ఇంటి కోసం నా చేత నాలుగైదు రకాలుగా ప్లాన్లు గీయించుకుని, చివరిదాన్ని ఫోన్‌లో ఫొటో తీసుకుని వెళ్లి, వేరొకరి సంతకంతో అప్రూవల్ తెచ్చుకున్నారు. తరువాత ఆ దారిన వెళ్తూ చూస్తే, వీధి వంపును బట్టి నేను ఏటవాలుగా తిప్పిన వరండా గోడ అచ్చంగా అలాగే లేస్తోంది. నాకు ముట్టినది మాత్రం మొదటి రోజు ఇచ్చిన అడ్వాన్సు ఒక్కటే.

హైదరాబాదులో ఉన్నప్పుడు మా ఆఫీసు పెద్దలు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆర్కిటెక్ట్స్ సభ్యులు. నన్నూ చేరమని అప్పట్లోనే అన్నారు గాని, ఉద్యోగంలో ఉన్నప్పుడు దాని అవసరం నాకు కనిపించలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. కౌన్సిల్ ఉండగా ఇన్‌స్టిట్యూట్ ఎందుకు? ఇలాంటి ఫీజు తగాదాల్లో వీటిలో ఏదైనా మన పక్షాన నిలుస్తుందా? కౌన్సిల్ ప్రకటించిన ఫీజు పట్టికను చూపించి ఆసామిని అడగవచ్చా? డెల్టా ఊళ్లలో ప్రాక్టీసు చేస్తున్నవారు అనుభవం మీద చెబితే మేలు చేసినవారవుతారు.

జవాబు (రాజమహేంద్రవరం, సీనియర్ ఆర్కిటెక్ట్)

ముందుగా రెండింటి పుట్టుక వేరని గుర్తు పెట్టుకోండి. మీ ప్రశ్నకు సగం జవాబు అక్కడే దొరుకుతుంది. కౌన్సిల్ అనేది పార్లమెంటు చేసిన 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం కింద ఏర్పడిన సంస్థ. రిజిస్టరు నిర్వహించడం, చదువులకు గుర్తింపు, ప్రమాణాలు చూడడం, వృత్తి నియమావళి తప్పినవారిపై విచారణ జరపడం దాని పని. అందులో మనం కోరి చేరేది ఏమీ లేదు. ఆర్కిటెక్ట్ అనే పేరు పెట్టుకోవాలంటే అక్కడ నమోదు కావలసిందే. ఇన్‌స్టిట్యూట్ అలా కాదు. 1917లో బొంబాయిలో విద్యార్థుల సంఘంగా మొదలై, 1929లో ఇప్పటి పేరు తెచ్చుకున్న స్వచ్ఛంద సంస్థ అది. ఆర్కిటెక్టులు తమ కోసం తాము పెట్టుకున్న సంఘం కనుక, రాష్ట్రాలలో చాప్టర్లు, పట్టణాలలో సెంటర్లు అంటూ కిందిదాకా దిగుతుంది. ఈ రెండింటికీ మధ్య ఒక ముడి ఉన్నదని చాలామంది కుర్రవాళ్లు గమనించరు. చట్టంలోని 3వ సెక్షన్ ప్రకారం కౌన్సిల్ సభ్యులలో ఐదుగురిని ఇన్‌స్టిట్యూట్ తన సభ్యులలో నుంచి ఎన్నుకొని పంపుతుంది. మిగిలినవారిలో కళాశాలల అధిపతులు ఎన్నుకున్నవారు, ఒక్కొక్క రాష్ట్ర ప్రభుత్వం నామినేట్ చేసిన ఒక్కొక్క ఆర్కిటెక్టు, రక్షణ శాఖ, రైల్వే శాఖల చీఫ్ ఆర్కిటెక్టులు, ఇంజనీర్ల సంస్థ నుంచి వచ్చిన ఇద్దరు, ఇలా ఉంటారు. సొంత ఆఫీసు నడుపుకునే మనబోటివాళ్ల గొంతు అక్కడికి చేరడానికి సభ్యత్వం ద్వారా వెళ్లే ఆ ఐదు స్థానాలే ముఖ్యమైన దారి.

ఇక మీ తగాదా సంగతి. కౌన్సిల్ మీ ఫీజు వసూలు చేసి పెట్టదు. చట్టంలోని 30వ సెక్షన్ కింద అది విచారించేది ఆర్కిటెక్టు ప్రవర్తనను. మందలించడం, కొంతకాలం ప్రాక్టీసు ఆపించడం, రిజిస్టరు నుంచి పేరు తొలగించడం వంటి అధికారాలు దానికి మన మీద ఉన్నాయి గాని ఆసామి మీద లేవు. ఆసామి మీ మీద ఫిర్యాదు చేయవచ్చు, మీరు ఆసామి మీద అక్కడ చేయలేరు. ఇది అన్యాయంగా కనిపించవచ్చు గాని, వృత్తిని అదుపులో పెట్టడానికి పెట్టిన సంస్థ ఏదైనా అలాగే ఉంటుంది.

అయితే 1989 నాటి వృత్తి ప్రవర్తన నియమావళిని ఒకసారి తీరికగా చదవండి. అందులో మీకు పనికివచ్చేవి చాలా ఉన్నాయి. పోటీలో దిగి ఉచితంగా గాని, ఫీజు తగ్గించి గాని డిజైన్లు తయారు చేయరాదని ఉంది. కౌన్సిల్ మార్గదర్శకాల ప్రకారం జరిగే డిజైన్ పోటీలకు మాత్రమే మినహాయింపు. వేరొక ఆర్కిటెక్టు చేతిలో ఉన్నదని తెలిసిన పనిని, ఆ ఒప్పందం ముగిసిందన్న ఆధారం చూసుకుని, ఆయనకు రాతపూర్వకంగా తెలియజేస్తేనే తప్ప, రెండోవారు ఒప్పుకోకూడదు. ఆసామి మొదట్లో ఎంతమంది ఆర్కిటెక్టులను సంప్రదించినా అభ్యంతరం లేదు గాని, సంప్రదించిన ప్రతివారికీ వారి ఫీజు చెల్లించాలన్న మాట కూడా అక్కడే ఉంది. మీ ప్లాన్ మీద సంతకం చేసినవారు రిజిస్టరైన ఆర్కిటెక్టే అయితే, ముందుగా వారికి ఒక ఉత్తరం రాయండి. చాలా సందర్భాలలో వ్యవహారం ఆ ఉత్తరంతోనే తెగిపోతుంది. తెగకపోతే ఫిర్యాదు చేయడానికి మీకు దారి ఉంది.

ఫీజు పట్టికను ఆసామికి చూపించవచ్చు. దానిని పాటించవలసిన బాధ్యత నియమావళి మన మీద పెట్టింది గాని, మీకూ ఆయనకూ మధ్య కాగితం లేనప్పుడు పట్టిక ఒక్కటే మీకు డబ్బు తెచ్చిపెట్టదు. కౌన్సిల్ ప్రచురించిన ఎంగేజ్‌మెంటు షరతులను, అంటే పని ఒప్పుకునే షరతులను, మీ ఉత్తరానికి జతచేసి, దశలవారీ చెల్లింపులు రాసి, ఆసామి చేత సంతకం పెట్టించుకున్నప్పుడే అది మీ చేతిలో ఆయుధమవుతుంది. ఇన్‌స్టిట్యూట్‌లో చేరితే మీకు దొరికేది ఇలాంటి కాగితాలు ఇప్పటికే వాడి, ఏ వాక్యం ఎక్కడ నిలబడిందో, ఎక్కడ వీగిపోయిందో చూసిన పెద్దల పరిచయం. నేను చేరింది కూడా అందుకే.

జవాబు (అమలాపురం, ఆర్కిటెక్ట్)

పెద్దలు చెప్పినదానిలో తప్పేమీ లేదు గాని, అది పూర్తి చిత్రం కాదని మనవి చేసుకుంటున్నాను. నేను ఇన్‌స్టిట్యూట్‌లో అసోసియేట్ సభ్యుడిని. పేరు చివర నాలుగు అక్షరాలు చేరాయి, పత్రిక వస్తుంది, అవార్డులకు ప్రకటనలు వస్తాయి, ఏటా సమావేశానికి ఆహ్వానం వస్తుంది. సమావేశంలో విమానాశ్రయాల మీద, గాజు గోడల మీద ప్రసంగాలు వింటాను. తిరిగి వచ్చేసరికి ఇక్కడ నా కోసం ఎదురుచూసేది, గోదావరి వరద వస్తే లంక ఊరిలో అరుగు ఎత్తు ఎంత ఉండాలన్న ప్రశ్న.

పెద్దలు ఎత్తి చూపిన నియమావళి ఎంత చక్కగా ఉన్నా అది ఆర్కిటెక్టులను మాత్రమే కట్టేస్తుంది. డెల్టా పట్టణాలలో మన పోటీ సాటి ఆర్కిటెక్టులతో కాదు. ప్లాన్ అప్రూవల్ పని చేసే ఇంజనీర్లు, సర్వేయర్లు, డ్రాఫ్ట్స్‌మెన్, ఎలివేషన్ ఆఫీసులు, ఇంటీరియర్ దుకాణాలు, అన్నీ తానే చూసుకుంటానని చెప్పే కాంట్రాక్టరు, వీరిలో ఎవరికీ ఉచితంగా డిజైను ఇవ్వకూడదన్న నియమం లేదు. మనకు ప్రకటనలు ఇచ్చుకోకూడదన్న నియమం ఉంది. కట్టడం దగ్గర పెట్టే బోర్డు మీద అక్షరాల ఎత్తు 10 సెంటీమీటర్లు దాటకూడదని కూడా ఉంది. పక్కనే కాంట్రాక్టరు ఫ్లెక్సీ రెండో అంతస్తు దాకా వేలాడుతుంటుంది. 2020 మార్చిలో సుప్రీంకోర్టు కూడా ఈ చట్టం ఆర్కిటెక్ట్ అనే పేరును కాపాడుతుందే తప్ప, ఆ పేరు పెట్టుకోకుండా డిజైను పని చేసేవారిని అడ్డుకోదని తేల్చి చెప్పింది. అప్పటిదాకా చట్టమే మన పనిని మనకు కట్టబెట్టిందనుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు.

ఇటువంటి పరిస్థితిలో సభ్యత్వ సంస్థ చేయవలసిన పని, ప్లాను గీసేవాడికీ కట్టడానికి బాధ్యత పడేవాడికీ ఉన్న తేడాను సామాన్యుడికి తెలియజెప్పడం. కౌన్సిల్ దాన్ని చేయలేదు, చేయవలసిన బాధ్యతా దానిది కాదు. ఇన్‌స్టిట్యూట్ చేయగలదు. కాని ఆ పని కోనసీమలోనో పాలకొల్లులోనో జరగాలి తప్ప హోటల్ హాలులో కాదు. మున్సిపల్ కమిషనరుతో మాట్లాడే ప్రతినిధి కూడా ఇక్కడివాడే కావాలి. ఆన్‌లైన్ పోర్టల్‌లో ప్లాన్ వెనక్కి వచ్చినప్పుడు, స్థలం ముందు రోడ్డు వెడల్పు పోర్టల్ లెక్కలో ఒకటి, నేల మీద ఒకటి ఉన్నప్పుడు, విడివిడిగా వెళ్లే మనం అర్జీదారులం మాత్రమే. పదిమంది కలిసి వెళ్తే కూర్చోమంటారు. ఇది నా అనుమానం కాదు, అనుభవం. ప్లాన్ నిబంధనల ప్రకారమే ఉందని మనమే ధ్రువీకరించే సెల్ఫ్ సర్టిఫికేషన్ వచ్చాక సంతకం పెట్టినవాడి మీద పడిన బరువు మనందరికీ తెలుసు. ఆ బరువు గురించి మాట్లాడే వేదిక మాత్రం ఈ జిల్లాలో లేదు.

అందుచేత చేరవద్దని అనను. చేరితే, డెల్టాలో ఒక సబ్ సెంటరు కోసం అడగడానికి చేరండి. చందా కట్టి ఊరుకునేందుకైతే ఆ డబ్బుతో మంచి ప్రింటరు కొనుక్కోవడం నయం.

జవాబు (కాకినాడ, స్ట్రక్చరల్ ఇంజనీర్)

నేను ఆర్కిటెక్టును కాను, కాబట్టి మీ రెండు సంస్థల గురించి తీర్పు చెప్పే హక్కు నాకు లేదు. కాని మీలాంటి ఆఫీసులతో రోజూ పనిచేసే మనిషిని కనుక ఒక సంగతి చెప్పాలనిపించింది. మా వైపు కొంతమంది ఆర్కిటెక్టులు, ఇంజనీర్లు ఏ పేరూ, ఏ రిజిస్ట్రేషనూ లేకుండా కలుసుకుంటూ ఉంటాం. అక్కడ ముఖ్యంగా జరిగేది మట్టి పరీక్షల రిపోర్టులు ఒకచోట చేర్చడం. ఆసామి అనుమతితో, పేరు చెరిపేసి, ఊరు, స్థలం ఉన్న ప్రాంతం, బోరు లోతు, ఎన్ని మీటర్ల దాకా మెత్తటి బంకమట్టి ఉంది, నీరు ఎక్కడ తగిలింది, ఇసుక పొర ఎక్కడ మొదలైంది అన్నవి మాత్రం ఉంచుతాం. డెల్టాలో ఒకే వీధిలో రెండు స్థలాల కింద మట్టి రెండు రకాలుగా ఉంటుంది, ముఖ్యంగా ఒకటి పాత చెరువైతే. మీరు చెప్పిన ఆ ఆసామి స్థలం చెరువు పూడ్చినదే కదా. పైన వేసిన మెరక మట్టి కింద ఆ పాత బురద అలాగే ఉండిపోతుంది. పక్కింటి పునాది చూసి అదే వేసుకుంటామన్నవారికి, ఆ ప్రాంతపు పాత బోరు కాగితాలు రెండు మూడు బల్ల మీద పరిచి చూపిస్తే మాట మారుతుంది. మట్టి పరీక్షకు ఒప్పుకున్న ఆసామి డిజైను ఫీజుకు కూడా తొందరగానే ఒప్పుకుంటారని నేను గమనించాను.

నరసాపురం, అంతర్వేది వైపు పనులకు నీటి పరీక్షల కాగితాలు కూడా ఉంచుతున్నాం. కాంక్రీటు కలిపే నీటిలో క్లోరైడ్లు, ఉక్కు వేసే పనికైతే లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదని కాంక్రీటు పనికి భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456 చెబుతుంది. అక్కడి బోరు నీళ్లు అలాగే వాడి, కొన్నేళ్లకే శ్లాబు అడుగున పెచ్చులూడి కమ్మీ తుప్పు బయటపడిన ఇళ్లు నేను చాలా చూశాను. ఇలాంటి విషయాలు ఏ జాతీయ సంస్థ పత్రికలోనూ మీ ఊరి పేరుతో రావు. సభ్యత్వ సంస్థ పేరున ఈ పని జరిగితే ఇంకా మంచిది, ఎందుకంటే మా గుంపులో ఇద్దరు ఊరు మారితే ఆ ఫైళ్లు ఎవరి కంప్యూటర్‌లోనో ఉండిపోతాయి. సంస్థకు ఒక ఆఫీసు, ఒక బీరువా, తరువాత వచ్చే కార్యదర్శి ఉంటారు.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఆ ప్లాన్ మీద సంతకం చేసినవారు ఆర్కిటెక్టు కాదని ఆన్‌లైన్‌లో చూసి తెలుసుకున్నాను, కనుక నియమావళి దారి మూసుకుపోయినట్టే. ఇక నాకు మిగిలిన దారి ఏమిటి? ఇంకొక సందేహం కూడా ఉంది. నాతో చదువుకున్న ఒక సివిల్ ఇంజనీరు మిత్రుడు ఇద్దరం కలిసి ఒక సంస్థ పెడదామంటున్నాడు. బోర్డు మీద ఇద్దరి ఇంటిపేర్లు పెట్టి, చివర ఆర్కిటెక్ట్స్ అని రాయాలని ఆలోచన.

జవాబు (రాజమహేంద్రవరం, సీనియర్ ఆర్కిటెక్ట్)

బోర్డు సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే పెయింటరుకు ఆర్డరు ఇచ్చేశారేమోనని నా భయం. భాగస్వామ్య సంస్థ ఆర్కిటెక్ట్స్ అన్న పేరు వాడాలంటే అందులో భాగస్వాములందరూ రిజిస్టరైన ఆర్కిటెక్టులే అయి ఉండాలని చట్టంలోని 37వ సెక్షన్ చెబుతుంది. మీ మిత్రుడు ఎంత సమర్థుడైనా ఆయన భాగస్వామిగా ఉన్న సంస్థకు ఆ పేరు పెట్టరాదు. మీ ఆఫీసు మీ పేరు మీద ఉంచుకుని, ఆయనను కన్సల్టెంటుగా పెట్టుకోండి. ఆయన ఫీజును ఆసామితో ఒప్పందంలోనే విడిగా చూపించండి.

ఆ పాత పని విషయంలో, డ్రాయింగు మీద కాపీరైటు మీదే. 1957 నాటి కాపీరైటు చట్టం కట్టడాలను కళాకృతులలోనే లెక్కిస్తుంది. కాని కట్టడం మొదలైపోయాక దానిని ఆపమని గాని, కూల్చమని గాని కోర్టు నుంచి ఉత్తర్వు తెచ్చుకోవడానికి అదే చట్టంలోని 59వ సెక్షన్ ఒప్పుకోదు. నష్టపరిహారం మాత్రమే అడగగలరు. పునాది దాటి గోడలు లేచిన తరువాత మీకు మిగిలింది డబ్బు తగాదా ఒక్కటే అన్నమాట. మీరు పంపిన ప్లాన్లు, వాట్సాప్ సందేశాలు, అడ్వాన్సు ముట్టిన బ్యాంకు పద్దు, అన్నీ తేదీల వరుసలో పెట్టి వకీలు చేత నోటీసు ఇప్పించండి. మూడేళ్ల కాలపరిమితి దాటనీయకండి.

ముందు ముందు పనులకు ఒక జాగ్రత్త చెబుతాను. మీ ఆఫీసును ఉద్యమ్ పోర్టల్‌లో సూక్ష్మ సంస్థగా నమోదు చేయించుకోండి. 2006 నాటి ఎమ్‌ఎస్‌ఎమ్‌ఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం సేవ పొందినవారు ఒప్పుకున్న గడువులోగా చెల్లించాలి, ఆ గడువు ఎంతైనా 45 రోజులు మించడానికి లేదు. దాటితే రిజర్వు బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ పడుతుంది, ఆ చట్టం కింద బకాయి తగాదాలు వినే ఫెసిలిటేషన్ కౌన్సిల్ ముందుకు వెళ్లవచ్చు. అయితే పని ఒప్పుకున్న తరువాత చేయించిన నమోదు ఆ పనికి పనికిరాదని సుప్రీంకోర్టు తీర్పు ఉంది, 2025లో ఆ ప్రశ్నను పెద్ద ధర్మాసనానికి పంపారు కనుక, ఆ ఇంటి విషయంలో దీన్ని నమ్ముకోకండి. కల్యాణ మండపం ఒప్పందం ఇంకా రాసుకోకపోతే, నమోదు ముగిశాకే సంతకాలు పెట్టించుకోండి.

అమలాపురం మిత్రులతో ఒక మాట. సబ్ సెంటరు అడగాలంటే సంతకాలు కావాలి. భీమవరం, ఏలూరు, అమలాపురం, కాకినాడ, రాజమహేంద్రవరంలలో సభ్యులైనవారి పేర్లు మీరు సేకరిస్తే, అర్జీ నేను రాస్తాను. అందులో మొదటి అంశంగా మట్టి పరీక్షల భాండాగారం పెడదాం. కాకినాడ వారి ఫైళ్లకు ఒక చోటు దొరుకుతుంది.

జవాబు (అమలాపురం, ఆర్కిటెక్ట్)

పేర్లు సేకరిస్తాను. ఏలూరు వైపు నాకు పరిచయాలు తక్కువ, అక్కడివారు ఎవరైనా ఈ చర్చ చదువుతుంటే దయచేసి ఇక్కడే రాయండి. భీమవరం వారు ముందు సభ్యత్వం దరఖాస్తు పెట్టండి; సభ్యులు కానివారి సంతకం అర్జీ మీద చెల్లదు.